మూఢంలో కొన్న టచ్ ఫోను

నాకు అసూయ ఎక్కువ. సిగ్గుపడుతూ చెప్పడం లేదు. పొట్టిగా ఉన్నవాడు నేను పొట్టి అని చెప్పుకున్నట్టే చెబుతున్నాను. చిన్నప్పుడు మా అక్క కంచంలో పడిన చేపముక్క నా ముక్కకంటే పెద్దదేమోనని వేలు పెట్టి కొలిచినవాణ్ణి. పెద్దయ్యాక ఆ గుణం తగ్గుతుందనుకున్నాను. తగ్గడం మాట దేవుడెరుగు, రెండువేల తొమ్మిది ఆఖర్లో ఒక టచ్ ఫోను పుణ్యమా అని అది నా నెత్తికెక్కి కూర్చుంది.

అప్పుడు నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చూసేవాణ్ణి. విరగని గుండుపప్పు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క. అందులో మళ్ళీ తెల్లనిది వేరు, కాస్త మాడినది వేరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెలుపు చూసి చూసి, బట్ట కొన్నా, బియ్యం కొన్నా ముందు తెలుపే చూసే అలవాటు పట్టుకుంది. నాకే కాదు, మా ఊళ్ళో సగం మందికి ఆ జబ్బు ఉంది.

ఆ కార్తీకమాసంలో జలంత్రకోటలో నాకో సంబంధం చూశారు. వాళ్ళకి కొబ్బరితోట, జీడితోట ఉన్నాయి. అమ్మాయి ఊరి బడిలో విద్యా వలంటీరు, పిల్లలకి తెలుగు చెప్పేది. చూపుల రోజున అందరూ భోజనాల హడావిడిలో ఉండగా తనే తోట వైపు వచ్చి, "మీ నంబరు సెప్పండి" అంది. అడగాల్సినవాణ్ణి నేను. ఆవిడ అడిగేసరికి నా నంబరు నాకే గుర్తురాలేదు, జేబులోంచి ఫోను తీసి చూసి చెప్పాను. ఆమె నవ్వింది. అంతే, నా పని అయిపోయింది.

రెండు వైపులా మాట కుదిరింది. తాంబూలాలు పుచ్చుకుందామంటే శుక్రమూఢం వచ్చి పడింది. మాఘం దాకా మంచి ముహూర్తాలు లేవు, అప్పటిదాకా మాట మీద నిలబడదాం అన్నారు పెద్దలు. మాట అంటే గాలిలో ఉన్నట్టే. పెళ్ళికొడుకునీ కాదు, పరాయివాణ్ణీ కాదు. ఆ రెండు నెలలూ మా ఇద్దరి మధ్యా ఉన్నది మెసేజ్‌లే.

ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదా అంటారేమో. వాళ్ళింట్లో సిగ్నల్ ఉండేది కాదు. తోట చివరికి వెళితే వచ్చేది గాని, అక్కడ ఒక్కోసారి ఒడిశా టవరు పట్టేసి, రోమింగులో బ్యాలెన్సు ఊడ్చేసేది. పైగా తాంబూలాలు కాని పిల్ల తోటలో నిలబడి ఫోన్లో మాట్లాడుతుంటే ఊరు ఊరుకుంటుందా? అందుకని ఆమె రోజూ సాయంత్రం బడి నుంచి వస్తూ దారిలో సిగ్నల్ ఉన్నచోట ఒక మెసేజ్ పంపేది. తెలుగులో పంపేది. ఆమెది బటన్ల చిన్న ఫోను, అందులోనే ఒక్కో అక్షరం నొక్కి, ఒత్తులు దీర్ఘాలు తప్పకుండా రాసేది. నేను మాత్రం ఇంగ్లీషు అక్షరాలతో జవాబిచ్చేవాణ్ణి. "మీరెలా రాసినా సరే, నేను మాత్రం తెలుగులోనే రాస్తాను. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయాలంటే నాకు కడుపులో తిప్పుతుంది" అని రాసిందొకసారి. పంతులమ్మ కదా.

అప్పుడు నా దగ్గర ఉన్నది, ఆండ్రాయిడ్ రాకముందు అందరి చేతుల్లో ఉండే సింబియన్ ఫోను. బటన్లు అరిగిపోయి, మూల ఒకచోట పెచ్చు ఊడిపోయి ఉండేది. అయినా ఆమె పంపిన తెలుగు అందులో ముత్యాల్లా కనిపించేది. దాని విలువ నాకు తెలియలేదు. అందులో తెలుగు రావడం నాకు ఎండ రావడం లాంటిదే, ఎవరైనా దాని గురించి ఆలోచిస్తారా?

డిసెంబరులో ఒక ఆదివారం పప్పు పొట్లం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. జీడితోట ఉన్నవాళ్ళకి జీడిపప్పు తీసుకెళ్ళే తెలివి నాదే. వాకిట్లో నులకమంచం మీద ఒకడు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఎర్రగా, పొడుగ్గా ఉన్నాడు. మీ ఊరు నాకు ఆనదు అన్నట్టు గుప్పుమనే సెంటు. ఆమె మేనత్త కొడుకు. ఇచ్ఛాపురం అవతల ఒడిశా వైపు వాళ్ళ ఊరు, సింగపూర్‌లో వెల్డింగ్ పని. ఇక రాడేమో అనుకున్నవాడు కాంట్రాక్టు అయిపోయి వచ్చేశాడు. ఆమెకి వరసైన మేనబావ. మా వైపు మేనబావ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. అతను వద్దంటేనే నాలాంటివాడి దాకా సంబంధం వస్తుంది.

"రండి, రండి! పలాస అన్నగారేనా?" అన్నాడు లేచి. అతను మంచివాడే, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు మాత్రం అతను పళ్ళు బయటపెట్టిన ప్రతిసారీ నా ఒళ్ళు మండింది. అతని చేతిలో ఫోను ఉంది. బటన్లు లేవు. మొత్తం అద్దమే. వేలితో అలా తోస్తే ఫొటోలు జారుకుంటూ పోతున్నాయి.

"ఇది ఆండ్రాయిడ్ అన్నగారూ! కొత్తగా వొచ్చినాది. మీదేటి, సింబియనా? దాని పనైపోనాది. సింగపూర్‌లో ఎవుడూ ముట్టడం నేదు" అన్నాడు.

నా ఫోను జేబులోకి తోసేశాను. ఇంతలో ఆమె మంచినీళ్ళు తెచ్చింది. నాకు గ్లాసు ఇస్తూ, "తీసుకోండి" అంది. అతని వైపు తిరిగి, "ఒరే బావా, కాళ్ళు తియ్, మనుసులు నడవాలా వొద్దా?" అంది. నాకు "తీసుకోండి", వాడికి "ఒరే బావా". ఆ "ఒరే" ఎంత చనువుగా ఉందంటే, నేను తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాను. ఆమె లోపలికి వెళ్ళగానే అతను ఫోను చూసుకుని ముసిముసిగా నవ్వుకున్నాడు. ఇంకేముంది! ఆమె వీడికి కూడా మెసేజ్‌లు పెడుతోంది, వాటినే ఆ అద్దంలో పెద్ద పెద్ద అక్షరాల్లో చదువుకుంటున్నాడు అని నా బుర్ర తేల్చేసింది. తిరుగు బస్సులో సోంపేట దాటేసరికి నాకు ఆ విషయంలో అనుమానమే లేకుండా పోయింది.

మర్నాడే కాశీబుగ్గలో ఫోన్ల షాపుకి వెళ్ళాను. షాపతను నాకు తెలిసినవాడే. కొత్తగా వచ్చిన సింబియన్ టచ్ ఫోను ఒకటి, విశాఖ నుంచి ఎవరికోసమో తెప్పిస్తే వాళ్ళు తీసుకోని ఆండ్రాయిడ్ ఒకటి, రెండూ అద్దం బల్ల మీద పెట్టాడు.

"రెండూ టచ్చే కదా, తేడా ఏమిటి?" అన్నాను.

"లోపలుండీ ఆపరేటింగ్ సిస్టం తేడా గురూ! సింబియనైతే పాత కాపు, నమ్మకం. ఆండ్రాయిడైతే కొత్త పెల్లికొడుకు, రేపటి సంగతి ఎవుడికి తెలుసు? నీకేటి పని పడతాదో అది సూసుకుని తీసుకో."

నాకు ఏం పని పడుతుంది? ఆమె మెసేజ్‌లు చదవడం తప్ప నాకు ఫోనుతో వేరే పనే లేదు. ఆ ఒక్క పనీ అందులో అవుతుందా లేదా అని అడిగితే కథ అక్కడితో ముగిసేది. నేను ఏం చేశానంటే, జేబులోంచి గుప్పెడు గుండుపప్పు తీసి బల్ల మీద పోసి, రెండు ఫోన్లతోనూ ఫొటో తీశాను. సింబియన్‌లో పప్పు కాస్త పసుపుగా వచ్చింది. ఆండ్రాయిడ్‌లో పాలలా తెల్లగా, ఎగుమతి గ్రేడులా వచ్చింది. షాపతను కూడా పలాసవాడే కదా, వంగి చూసి, "తెలుపులో ఇదే మేలు" అని తల ఊపాడు. ఇద్దరం కలిసి పప్పు గ్రేడు కట్టినట్టు ఫోనుని గ్రేడు కట్టాం. "మూఢంలో కొత్త వస్తువేటి గురూ" అని ఒక మాట అన్నాడు గాని, నేను వినిపించుకోలేదు. రెండు నెలల జీతం అతని చేతిలో పెట్టాను.

ఆ పాత ఫోనులో కొత్త సిమ్ వేసి, టెక్కలి దగ్గర రావివలసలో ఉన్న మా అక్కకి ఇచ్చేశాను. దానికి ఫోను లేదు పాపం. పైగా ఆ ఫోను నా జేబులో ఉంటే నాకే నామోషీగా ఉంది. జలంత్రకోట అమ్మాయికి మాత్రం వెంటనే గొప్పగా మెసేజ్ కొట్టాను: నేనూ ఆండ్రాయిడ్ కొన్నాను, మీ బావ దానికంటే కొత్త మోడలు.

సాయంత్రం జవాబు వచ్చింది. తెరిచాను. అన్నీ డబ్బాలు. చిన్న చిన్న ఖాళీ డబ్బాలు, అగ్గిపెట్టెలు పేర్చినట్టు వరసగా. చివర ఒక ఆశ్చర్యార్థకం మాత్రం నిటారుగా నిలబడి ఉంది. ఫోను ఆపి మళ్ళీ పెట్టాను. డబ్బాలే. షాపుకి పరిగెత్తాను.

"తెలుగా? ఇందులో తెలుగు రాదు గదా గురూ. నువ్వు పప్పు ఫొటో తీస్తానన్నావు గాని తెలుగు సదువుతానని సెప్పినావేటి? సింబియన్‌లోనైతే వొచ్చును" అన్నాడు షాపతను. "వాపసు తీసుకో" అంటే, "వాడేసిన సామాను నానెవుడికి అమ్మీది?" అన్నాడు.

ఇప్పుడు ఆలోచిస్తే ఎంత సులువు! "నా ఫోనులో తెలుగు రావడం లేదు" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాయలేకపోయాను. ఎందుకంటే ఆ బావది సింగపూర్ ఫోను, అందులో తెలుగు కూడా వస్తోంది కదా, అతను చదివి నవ్వుకుంటున్నాడు కదా! నాదేదో తక్కువ రకం అని ఆమె అనుకోదూ? వాళ్ళిద్దరూ కూర్చుని నవ్వుకోరూ? ఆ ఊహకే నాకు చెవులు వేడెక్కిపోయేవి. చచ్చినా చెప్పను అనుకున్నాను.

ఒకసారి ఫ్యాక్టరీలో నా పక్కన పనిచేసేవాడి ఫోనుకి ఒక మెసేజ్ పంపించి, మెల్లిగా చూసి చెప్పరా అన్నాను. ఆ వెధవ పప్పు వలిచే ఆడవాళ్ళందరి ముందూ నిలబడి, "జీడితోట పూతకొచ్చినాదంట! వాసనకి మీరు గుర్తొత్తన్నారంట!" అని గట్టిగా చదివాడు. ఆడవాళ్ళు చేతిలో పప్పు వదిలేసి నవ్వారు. వారం రోజులు నేను కనిపిస్తే చాలు, "బాబూ, పూత ఎలగుంది?" అని అడిగారు. ఆ తర్వాత పలాసలో ఎవరికీ చూపించలేదు.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆదివారం ఫ్యాక్టరీ సెలవు. పొద్దున్నే రావివలస బస్సెక్కి అక్క ఇంటికి వెళ్ళేవాణ్ణి. అక్క వంటింట్లోకి వెళ్ళగానే నా పాత సింబియన్ చేతిలోకి తీసుకుని, వారం మొత్తం వచ్చిన డబ్బాలన్నీ ఒక్కొక్కటిగా దానికి పంపేవాణ్ణి. అందులో అవి మళ్ళీ తెలుగైపోయేవి. ఆత్రంగా చదివి, గుర్తుపెట్టుకుని, అన్నీ చెరిపేసేవాణ్ణి. ఆ ఊరి గుళ్ళో ఎండల మల్లన్న దర్శనానికి వచ్చానని అక్కకి చెప్పేవాణ్ణి.

"ఏట్రా, వారం వారం మల్లన్నని సూడ్డానికొత్తన్నావా, నా ఫోను సూడ్డానికొత్తన్నావా?" అంది అక్క మూడో వారం.

"నీ ఫోనులో ఏముందే చూడ్డానికి?" అని దబాయించాను.

మరి వారం మధ్యలో వచ్చినవాటికి జవాబెలా ఇచ్చేవాడివి అంటారా? డబ్బాల మధ్య చుక్కలూ, గుర్తులూ కనిపించేవి కదా. చివర చుక్క ఉంటే "సరే" అనేవాణ్ణి. ఆశ్చర్యార్థకం ఉంటే "భలే" అనేవాణ్ణి. ప్రశ్న గుర్తు ఉంటే "అవును" అనేవాణ్ణి. నమ్మండి, మూడు వారాలు అలా నడిచిపోయింది. ఆదివారం చదివి చూసుకుంటే చాలావాటికి నా జవాబు అతికిపోయేది కూడా. "భోంచేశారా?" అంటే "అవును." "ఇవాళ పిల్లలు పద్యం అప్పజెప్పారు!" అంటే "భలే." నా తెలివికి నేనే మురిసిపోయాను.

సంక్రాంతి వెళ్ళిన వారం, బుధవారం మధ్యాహ్నం, కాశీబుగ్గ రైల్వే గేటు దగ్గర నిలబడ్డాను. గేటు అవతల ఒక మోటారు సైకిలు ఆగి ఉంది. దాని మీద ఆ బావ. అతని వెనక ఆమె. ఒక చేత్తో సంచి, ఒక చెయ్యి అతని భుజం మీద. ఎండలో ఆ చెయ్యి ఒక్కటే నాకు కనిపించింది, మిగతా లోకమంతా ఎటు పోయిందో తెలీదు. ఆమె నన్ను చూసి చెయ్యి ఊపింది. ఏదో అంటోంది కూడా. నేను తల అటు తిప్పేసుకున్నాను. రైలు పోయింది, గేటు లేచింది. ఇచ్ఛాపురం వైపు వెళ్ళే బస్సు చాటు చేసుకుని జారుకున్నాను. ఆ పూటంతా పప్పు గ్రేడు సరిగ్గా కట్టలేదు. తెల్లనివీ మాడినవీ ఒకే తట్టలో పోసి మేస్త్రీ చేత చీవాట్లు తిన్నాను.

సాయంత్రం మెసేజ్ వచ్చింది. ఎప్పుడూ లేనంత పెద్దది, మూడు ముక్కలుగా వచ్చింది. డబ్బాలు, డబ్బాలు, డబ్బాలు. మధ్యలో రెండు ప్రశ్న గుర్తులు. లెక్క ప్రకారం "అవును" అనాలి. కాని అనబుద్ధి కాలేదు. ఏం రాసుంటుంది? బావతో పలాస వచ్చాను, చీర కొన్నాను, బావ ఐస్‌క్రీం తినిపించాడు, బాగుందా అని రాసుంటుంది. ఆ ముచ్చటకి నేను అవుననాలా? ఇంగ్లీషు అక్షరాలతో రెండే మాటలు కొట్టాను. "మీ ఇష్టం."

ఆ రాత్రి తిరుగు మెసేజ్ రాలేదు. గురువారం రాలేదు. శుక్రవారం, శనివారం రాలేదు. బాగా తగిలింది అనుకుని కాస్త సంతోషించాను కూడా. అంత నీచంగా ఉన్నాను.

ఆదివారం అక్క పెరట్లో, బావి గట్టు మీద కూర్చుని ఆ మూడు ముక్కలూ పాత ఫోనుకి పంపి తెరిచాను. ఆ మాటలు నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా వచ్చు.

"మా మేనత్త మళ్ళీ వచ్చింది. తాంబూలాలు కాలేదు కాబట్టి పిల్ల మాదే అంటోంది. నాన్న ఎటూ తేల్చుకోలేక నన్నే చెప్పమన్నారు. ఇవాళ మందులకని పలాస వచ్చాను. గేటు దగ్గర మిమ్మల్ని చూసి ఆగమంటే మీరు తల తిప్పుకున్నారు. నామీద మీకు మనసు ఉందా? ఉంటే మా అత్తకి కుదరదని చెప్పేస్తాను. చెప్పనా?"

దాని కింద నా జవాబు ఉండదు కదా ఆ ఫోనులో. అయినా నాకు కనిపించింది.

చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా లేచాను. అక్క వెనకనుంచి "కంచంలో అన్నం పెట్టీసినాన్రా!" అని అరుస్తోంది. ఫోను చేస్తే స్విచ్ ఆఫ్. టెక్కలిలో ఇచ్ఛాపురం బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే మాట లోపల వల్లించుకున్నాను. నువ్వంటే నాకిష్టం, నీ మెసేజ్ నేను చదవలేదు, నువ్వంటే నాకిష్టం. పక్కన కూర్చున్న ముసలాయన నేను మంత్రం చదువుతున్నాననుకుని కాస్త జరిగాడు.

జలంత్రకోటలో వాళ్ళ నాన్న వాకిట్లో పలుగు పాతి కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి లేచి చేతులు దులుపుకున్నాడు. ఆ బావ కూడా ఉన్నాడు, తోట మొదట్లో మోటారు సైకిలు తుడుచుకుంటూ.

"మాట తప్పినామనుకోకండి బాబూ. మా గుంట కబురెడితే మీరే మీ ఇష్టం అన్నారంట గదా. అన్నాక మరి మేం ఏటి సేత్తాం? మా సెల్లెలికి నిన్ననే మాటిచ్చీసినాను. ఈపాలి మూఢమూ గీఢమూ సూడ్లేదు, తాంబూలాలు కూడా పుచ్చీసుకున్నాం" అన్నాడు ఆయన, నేల చూస్తూ. నన్నొక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆమెతో ఒక్క నిమిషం మాట్లాడతానన్నాను. ఆయన లోపలికి చూసి తల ఊపాడు. ఆమె గడప దాటి వచ్చి పందిరి రాట పట్టుకుని నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నేను చదవలేదు. నా ఫోనులో తెలుగు రాదు. కొన్నప్పటినుంచీ రాదు" అన్నాను.

"మరి ఇన్నాల్లూ జవాబులిచ్చినారు?"

"గుర్తులు చూసి ఇచ్చాను."

"రాదని ఒక్క ముక్క సెప్తే ఏటి పోయింది? కడుపులో తిప్పినా ఇంగ్లీషులోనే రాసీదాన్ని కదా" అంది.

"మీ బావ ఫోనులో వస్తోంది కదా. నాదే రాదంటే..."

"మా బావ ఫోన్లోనా?" ఆమె నిజంగానే తెల్లబోయింది. "మా బావకి తెలుగు అచ్చరం రాదు. ఆడు సదివింది ఒరియా బడిలో. ఆడికి నానెందుకు రాత్తాను? ఏదున్నా నోటితోనే తిట్టీసేదాన్ని. రాసింది మీకొక్కరికే."

బస్సంతా వల్లించుకున్న మాట ఉందే, అది అప్పుడే అనాల్సింది. దానికి బదులు, "మరి ఫోను చూసుకుని నవ్వుకునేవాడు?" అన్నాను. అవును, అదే అడిగాను. ఇన్నేళ్ళయినా తల్చుకుంటే నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆమె రాట వదిలేసి, నా కళ్ళలోకి సూటిగా చూసింది.

"నిజం సెప్పండి. మీకు నేను కావాల్నా, మా బావ సేతిలో ఫోను కావాల్నా?"

నువ్వే అనాలి. నువ్వే, నువ్వే అని గట్టిగా అరవాలి. తాంబూలాలు అయిపోయినా సరే, ఆ ఒక్క మాట ఆమెకి బాకీ ఉన్నాను. అనబోయాను. అనేముందు, అతను వింటున్నాడేమోనని తోట వైపు చూశాను.

అతను బండి తుడుచుకుంటున్నాడు. నేను మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.